గూట్లో పట్టని రాయి

పెన్ను పలకలేదు.

ఎస్సై గిరిబాబు ఆ పరీక్ష పెన్నుని రాయి మీద మళ్ళీ ఆనించాడు, పద్మకుమారి చూసి తీరాలన్నట్టు. అసలు వజ్రం తగిలితే అది కుయ్యిమంటుంది. ఇందాక ఈ షాపులో నగలు చేసే సుహాసిని చెవి దుద్దుకి ఆనిస్తే అలాగే కూసింది. బల్ల మీదున్న రాయి దగ్గరికొచ్చేసరికి మౌనవ్రతం పట్టింది.

"సూసినావు కదొదినా. ఉత్త అమెరికన్ డైమండు. ఇంక డిటెక్టివుకి పనేటున్నాదిక్కడ?" అన్నాడు గిరిబాబు.

గిరిబాబు పద్మకుమారికి చినమావగారి కొడుకు. యూనిఫాంలో ఉన్నంతసేపూ ఊరికి ఎస్సై. విప్పాక ఆమె వంటింట్లో ఆవకాయ జాడీ ఏ అలమరలో ఉంటుందో చీకట్లో కూడా చెప్పగల మరిది. డ్యూటీలో ఉండగా ఈ రెండో హోదా గుర్తు చెయ్యొద్దని అతను ఎన్నిసార్లు బతిమాలినా పద్మకుమారికి గుర్తుండదు.

"ముందా పెన్ను కింద పెట్టు గిరీ. తీర్థంలో బూర కొనిపెట్టిన పిల్లాడిలా ఉన్నావు."

తలుపు దగ్గర నిలబడ్డ మహిళా కానిస్టేబులు మొహం పక్కకి తిప్పుకుంది.

పద్మకుమారి ఒకప్పుడు బీమా కంపెనీ తరఫున తిరిగిన మనిషి. కాలిపోయిన కొట్లు నిజంగానే కాలాయా, మునిగిన పడవలు వాటంతటవే మునిగాయా అని చూసి రావడం ఆమె ఉద్యోగం. అది మానేశాక శ్రీకాకుళంలో ఇంటి గుమ్మానికే విచారణల బోర్డు తగిలించింది. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులే. పెళ్ళికొడుకు తాగుతాడా, తాగితే ఏ మేరకి అన్నంతవరకే వాటి లోతు. అలాంటిది ఇవాళ మధ్యాహ్నం సుహాసిని ఫోన్ చేసి "నన్ను తీసుకెళ్ళిపోతున్నారక్కా" అన్నాక, పొయ్యి మీద పులుసు దించి స్కూటరెక్కింది. భయం వేయాల్సిన చోట ఆమెకి అరచేతులు దురద పెట్టాయి. ఎన్నాళ్ళకి ఒక అసలైన కేసు!

జరిగింది ఇదీ. బొబ్బిలి వైపు పెద్ద రైతు నరసింగరావు కొడుకు వినోద్‌కీ, శ్రీకాకుళంలో చేపల ఎగుమతి చేసే ఎల్లాజీ కూతురు గౌరికీ ఈ సాయంత్రం ఆరింటికి నిశ్చితార్థం. గౌరి వేలికి తొడిగే వజ్రపుటుంగరాన్ని వినోద్ ఈ షాపులోనే ఆర్డరిచ్చి చేయించాడు. కంప్యూటర్ మీద బొమ్మ గీయడం నుంచి రాయి పొదగడం దాకా అంతా సుహాసిని ఒక్కర్తే చేసింది. నరసింగరావు పొద్దున్నే ఆ ఉంగరాన్ని రామతీర్థం పట్టుకెళ్ళి స్వామి పాదాల దగ్గర పెట్టించాడు. అంతటితో తిన్నగా వచ్చేస్తే ఏ గొడవా ఉండకపోను. గొప్ప చెప్పుకోవాలనిపించి విజయనగరంలో తెలిసిన నగల షాపు దగ్గర ఆగాడు. ఆ షాపాయన భూతద్దం పెట్టి చూసి, మొహం అదోలా పెట్టి, రాయిని ఊడబెరికి ఇదే రకం పెన్ను ఆనించాడు. అప్పుడూ పెన్ను పలకలేదు.

ఇప్పుడు ఉంగరం ఒక కవర్లో, రాయి ఇంకో కవర్లో గిరిబాబు దగ్గరున్నాయి. సుహాసిని గోడకి ఆనుకుని నిలబడి ఉంది. స్టేషన్ మెట్లెక్కిందని తెలిస్తే చాలు, కేసు రేపు ఏమైనా సరే, ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆమె చేతికి రాయన్నది ఇవ్వరు. ఆ సంగతి సుహాసినికి తెలుసు.

"మొదట్నుంచీ చెప్పు. రాయి ఎప్పుడు ఎవరి చేతికెళ్ళిందో అదొక్కటీ మర్చిపోకు" అంది పద్మకుమారి.

సుహాసిని చెప్పింది. వినోద్ రాయి ఎంచుకున్నాక దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, ఆ కొలతకే ఉంగరం బొమ్మ గీసింది. రాయి కూర్చునే చోటుని గూడు అంటారు, దాని చుట్టూ బంగారపు అంచు. బొమ్మ నుంచి పచ్చరంగు ప్లాస్టిక్ నమూనాలు మిషన్లో తీసింది. ఒకటి బంగారం పోతలో కరిగిపోయింది. రెండోది వేలికి పెట్టి చూసుకోడానికి, ఇదిగో ఈ సొరుగులోనే ఉంది. మూడోది కాస్త పెద్ద సైజులో కావాలని వినోద్ పట్టుబట్టి చేయించుకుపోయాడు. ఎండాకాలం గౌరి వేళ్ళు వాస్తాయట, ముందుచూపుట.

"ఈలోగా రాయి?"

"మూడు రాత్రులు గౌరి వాళ్ళింట్లో ఉందక్కా. అచ్చొస్తుందో లేదో చూడాలన్నారు, వాళ్ళ మామ్మ అసిరమ్మ గారు."

ఇది మాత్రం గిరిబాబుకి కూడా వింతగా తోచలేదు. వజ్రం అందరికీ అచ్చిరాదు. ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టుకుని, ఆ రాత్రుల్లో పీడకలలు రాకుండా, పాలు విరక్కుండా, ఎవరూ జారిపడకుండా గడిస్తే అప్పుడది మన రాయి. తేడా వస్తే తిరిగిచ్చేయొచ్చు. షాపులవాళ్ళూ దీనికి మొహం ముడుచుకోరు.

నాలుగో రోజు పొద్దున్న రాయి పసుపు గుడ్డ మూటలో తిరిగొచ్చింది, ఒళ్ళంతా పసుపూ కుంకుమా పులుముకుని. దాంతోపాటు అసిరమ్మ ఆజ్ఞ కూడా వచ్చింది. మంచి ఘడియలో మూట విప్పి తిన్నగా బంగారంలో కూర్చోబెట్టాలి. మధ్యలో పెన్నులూ సూదులూ ఆనించకూడదు. ఆనిస్తే అమ్మవారిని అనుమానించినట్టే. సుహాసిని అనుమానించలేదు. పొదిగాక సబ్బునీళ్ళలో కడిగితే తళతళలాడింది. ఏ రాయైనా కొత్తలో తళతళలాడుతుంది, పెళ్ళికొడుకుల్లాగే.

పద్మకుమారి సొరుగులోంచి పచ్చ నమూనా తీసింది. పట్టకారుతో రాయిని పట్టుకుని నమూనా గూట్లో పెట్టి చూసింది. రాయి దిగలేదు. చిన్న గిన్నె మీద పెద్ద మూతలా పైనే కూర్చుంది. దాన్నే బంగారు ఉంగరం గూట్లో పెట్టింది. చక్కగా ఒదిగిపోయింది.

భూతద్దం కోసం చెయ్యి చాచింది. బంగారం గూడు లోపలి అంచంతా కొత్తగా గీరిన గీతలు.

"గూడు పెద్దది చేశావా?"

"చేశానక్కా. పోత పోశాక బంగారం కొద్దిగా ముడుచుకుంటుంది. అందుకే పట్టలేదనుకుని లోపల కొంచెం చెక్కాను. ఎప్పుడూ చేసేదే."

పద్మకుమారి కళ్ళజోడు పైకి తోసింది. లోపలెక్కడో ఈల మోగినట్టయింది ఆమెకి.

"గిరీ, ఇటు చూడు. కొలిచినప్పుడు ఒక రాయి. పొదిగినప్పుడు ఇంకో రాయి. మధ్యలో అది ఉన్నది ఎల్లాజీ ఇంట్లో."

"నేకపోతే ఈవిడే మార్చి గూడు సెక్కీసింది. సెక్కినానని తనే ఒప్పుకుంటన్నాది కదా."

"ఈవిడ మార్చాలనుకుంటే కంప్యూటర్లో కొలతుంది. అచ్చం అదే కొలతకి ఇంకో రాయి తెప్పించుకునేది, గూడు ముట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు. ఈ రాయి తెచ్చినవాళ్ళకి కొలత తెలీదు. కంటితో చూసి ఇంతే ఉంటుందిలే అని తెచ్చారు. కొలత జాకెట్టు లేకుండా జాకెట్టుకి గుడ్డ కొన్న మగాడిలా."

గిరిబాబు ఒక్క క్షణం ఆలోచించాడు. అతనికి ఆలోచన వచ్చిందంటే మీసం కుడివైపు కదులుతుంది. కదిలింది గానీ, ఆగిపోయింది.

"ప్లాస్టికుంగరం పట్టుకుని కోర్టుకెల్లమంటావా నన్ను? నరసింగరావు గారు పైన ఎవులెవులికో ఫోన్లు సేసీసినాడు. ఆయన ఎల్లాజీ ఇంట్లోనే ఉన్నాడు. దారిలో ఆగి కంప్లయింటు మీద సంతకం ఎట్టించుకుని తిన్నగా స్టేషనుకే. ఆ సంతకం పడే లోపల నీ డిటెక్టివు పని ఏటుందో సూసుకో."

"ఉంగరం, రాయి నీ దగ్గరే ఉంచుకో. ఈ పచ్చది నాకివ్వు."

"అదా? తీసుకుపో. పిల్లలు ఆడుకుంటారు."

పద్మకుమారి నమూనాని చీర కొంగున ముడేసి, జీపు వెనకే స్కూటర్ పోనిచ్చింది.

*

ఎల్లాజీ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. జీపు సరిగ్గా దాని కిందే ఆగింది. వెనక సీట్లో మహిళా కానిస్టేబులు పక్కన సుహాసిని తల దించుకుని కూర్చుంది. వచ్చే పోయే చుట్టాలు తాంబూలాలు అందుకున్నంత తీరుబడిగా ఆగి చూసి మరీ వెళుతున్నారు.

గిరిబాబు లోపలికి అడుగు పెట్టగానే అతని చేతిలో ప్లేటు పెట్టేశారు. ఉప్మా, జీడిపప్పు దండిగా వేసింది. పద్మకుమారి మనసులోనే వంటమనిషికి దణ్ణం పెట్టింది. ఆ ప్లేటు ఖాళీ అయ్యేదాకా సంతకం పడదు. మరిది గురించి ఆమెకి ఆ మాత్రం తెలుసు.

హాల్లో నరసింగరావు గొంతు తప్ప ఏమీ వినిపించడం లేదు. తన వంశంలో ఎవరూ ఆడపిల్లకి గాజు పెంకు పెట్టలేదని ఆయన ఎల్లాజీకి నచ్చజెబుతున్నాడు. ఎల్లాజీ మాటిమాటికీ తప్పు మీది కాదు బావగారూ, ఆ షాపుదానిది అంటున్నాడు. వినోద్ ఒక మూల కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఫోన్ స్క్రీను ఆరిపోయి ఉంది.

పద్మకుమారికి మంచినీళ్ళు తెచ్చిచ్చింది ఒక అమ్మాయి. బొద్దుగా, కళగా ఉంది. వినోద్‌కి మేనమామ కూతురట, పేరు భారతి, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేయడానికి పొద్దున్నే బొబ్బిలి నుంచి వచ్చిందట. ఎడమ చేతి ఉంగరపు వేలికి లావుగా గుడ్డ కట్టు.

"ఏమైందమ్మా వేలికి?"

"పొద్దున్న కూరలు తరుగుతుంటే కత్తిపీట తగిలిందండి."

పాపం అంది పద్మకుమారి. గ్లాసు తిరిగిచ్చి, పెళ్ళికూతురి గదెక్కడని అడిగింది.

గదిలో గౌరి పట్టుచీర కట్టుకుని అద్దం ముందు కూర్చుని ఉంది. మంచం మీద ఆమె నాన్నమ్మ అసిరమ్మ. వయసులో ఉన్నప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. ఇప్పుడు కొడుకు ఏసీ గదిలో పడుకోబెట్టినా ఆ చూపులో బేరం పోలేదు. భారతి వెనకే వచ్చి తలుపు పక్కన చాప మీద కూర్చుని, సగంలో వదిలేసిన మల్లెపూల దండ మళ్ళీ అందుకుంది.

పద్మకుమారి తనెవరో చెప్పి, రాయి ఇంట్లో ఉన్న రాత్రుల గురించి అడిగింది. ఎక్కడ పెట్టారు, ఎవరు ముట్టుకున్నారు అని. దేవుడి గూట్లో ఇత్తడి గిన్నెలో బియ్యంలో పెట్టానని, ఎవరూ ముట్టుకోలేదని అసిరమ్మ చెప్పింది. కలలేమైనా వచ్చాయా అంటే, లేదంది. మరీ తొందరగా అంది.

"మూడు రాత్రులూ నిద్ర పట్టిందా మామ్మా?"

"ముసిల్దానికి నిద్రేటి."

పద్మకుమారి ఇంకేం అడగలేదు. లేచి కిటికీ తెర పక్కకి లాగింది. బయట జీపు, అందులో సుహాసిని. ఎవరో పిల్లలు జీపు దగ్గరికెళ్ళి తొంగిచూస్తుంటే ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటోంది.

"ఆ అమ్మాయికి నువ్వు పెన్ను ఆనించొద్దన్నావు. నీ మాట మీద గౌరవంతో ఆనించలేదు. ఇప్పుడు అందుకే దొంగైంది."

అసిరమ్మ కిటికీలోంచి జీపు వైపు చూసింది. అప్పుడు ముసలామె చేతిలో చెంగు నలుపుతూ, మనవరాలి వైపు చూడకుండా మాట్లాడింది.

"రెండో రాత్రి కలొచ్చినాదమ్మా. మా గౌరి సెయ్యి సాపి నిలబడున్నాది. ఏలికి ఉంగరం నేదు. దగ్గరికెల్లి సూత్తే, ఏలే నేదు."

అద్దంలో గౌరి తల పైకెత్తింది.

రాయి అచ్చిరాలేదని పదిమందిలో చెబితే మగపెళ్ళివారి రాయిని కాదన్నట్టవుతుంది. సంబంధం బెడిసినా బెడుస్తుంది. అందుకని అసిరమ్మ తెల్లారగానే ఎవరికీ తెలీకుండా వినోద్‌కి ఫోన్ చేసింది. రాయి అతనిదే కదా. అతను వచ్చేశాడు. ఏం పర్వాలేదు మామ్మా, ఎవరికీ చెప్పకు, ఇంకో వజ్రం తెస్తాను అని ఆ రాయి పట్టుకెళ్ళి, సాయంత్రానికల్లా ఇంకోటి తెచ్చిచ్చాడు. ఆ మూడో రాత్రి ఆమెకి హాయిగా నిద్రపట్టింది.

"ఆ బాబు బంగారం. నా మాట దాసినాడు. మద్దిలో ఎవులో ఆడిని మోసం సేసీసినారు" అంది అసిరమ్మ, తన మాట తనే నమ్మాలని చూస్తూ.

పద్మకుమారి కొంగుముడి విప్పి పచ్చ నమూనా తీసింది. గౌరి చెయ్యి పట్టుకుని వేలికి తొడిగింది. సరిగ్గా సరిపోయింది.

"ఎండాకాలం నీ వేళ్ళు వాస్తాయామ్మా?"

"నావా?" గౌరి తన చేతిని తనే ఎగాదిగా చూసుకుంది. "గాజుల కొట్టాయన నాకు ఇప్పటికీ స్కూలు పిల్లల సైజే తీస్తాడండి. వేళ్ళు వాయడం నేనెప్పుడూ ఎరగను. ఎవరన్నారలా?"

"నీకు కాబోయే ఆయన. నీకోసమని ఇంకో సైజులో నమూనా చేయించుకుపోయాడు. నీ వేలికైతే అది గాజులా తిరుగుతుంది."

మల్లెపూల దండలో ముడి పడబోయి ఆగిన చప్పుడు లాంటిదేదో పద్మకుమారికి వినబడింది. లేదా అలా అనిపించింది. ఆమె నెమ్మదిగా తలుపు వైపు తిరిగింది.

భారతి పూలు చూస్తోంది. దారం ఆమె ఎడమ చేతి కట్టు మీంచి బిగిసి ఉంది. ఇందాకటి నుంచీ ప్రతి ముడికీ దారాన్ని ఆ వేలికే చుట్టి లాగుతోంది. కత్తిపీట తగిలిన వేలైతే మొదటి ముడికే ప్రాణం జిల్లుమనాలి. పొద్దున్న కట్టిన గుడ్డ మీద ఇంతవరకూ రక్తపు చారిక లేదు. అయోడిన్ మరక లేదు. పసుపు మచ్చయినా లేదు. పెళ్ళివారింట్లో పసుపుకి కరువా?

సరిగ్గా అప్పుడే గుమ్మంలో గిరిబాబు కనిపించాడు. ప్లేటు చేతిలోనే ఉంది, ఖాళీగా.

"సంతకం అయిపోయిందొదినా. ఎల్తన్నాను మరి."

"ఒక్క నిమిషం ఆగు." పద్మకుమారి చాప దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. పూలదారం ఉండ తీసుకుని, జానెడు విప్పి, భారతి ఎడమ చెయ్యి మెల్లగా తన చేతిలోకి తీసుకుంది. ఇంటి ఆడవాళ్ళు పేచీ పెట్టే పిల్లలతో మాట్లాడే గొంతుతో అంది:

"వేలికి ఉంగరం ఇరుక్కుంటే దారం చుట్టి తీస్తారమ్మా. కట్టు కట్టరు."

భారతి చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఆమె కళ్ళు ఒక్కసారి గౌరి వైపు వెళ్ళి నేలకి దిగిపోయాయి. పద్మకుమారి కట్టు విప్పింది. ఒక పొర, ఇంకో పొర, ఆఖరి పొర.

అదే ఉంగరం. అదే గూడు, అదే అంచు, కాస్త పెద్ద సైజు. వినోద్ పట్టుకుపోయిన మూడో నమూనాతో ఇంకెక్కడో పోయించింది. ఎర్రగా వాచిన వేలి మీద రాయి పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. గిరిబాబు ఎవరూ చెప్పకుండానే జేబులోంచి పెన్ను తీసి, వంగి, ఆనించాడు.

పెన్ను గదంతా వినబడేలా కూసింది.

"సబ్బు పెట్టాను, నూనె పెట్టాను, రాలేదు" అంది భారతి. ఆమెకి ఏడుపు రావడం లేదు, గొంతు మాత్రం ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. "షాపావిడ మీదికొస్తుందని మాకు తెలీదండీ. ఒట్టు. మావయ్య దారిలో పరీక్ష చేయిస్తాడని ఎవరనుకున్నారు?"

"నిశ్చితార్థం ఒకరితో, వజ్రం ఇంకొకరికా?" అంది పద్మకుమారి. "అసలు ఉంగరం నీకు తొడిగి, ఆ గాజు ముక్కతో ఈ పిల్లని పెళ్ళిచేసుకుందామనా?"

భారతి తల అడ్డంగా ఊపింది. జాకెట్టు లోపల్నుంచి ఒక పసుపు తాడు బయటికి లాగింది. కొనకి పసుపు కొమ్ము కట్టి ఉంది, ఇంకా పచ్చిగా.

"పెళ్ళయిపోయింది. రామతీర్థంలో, పోయిన వారం. మావయ్యకి చెప్పే ధైర్యం బావకి రాలేదు. ఇవాళ చెప్తాను, ఇవాళ చెప్తాను అంటూ ఇంతదాకా తెచ్చాడు."

గిరిబాబు మీసం రెండు వైపులా కదిలింది. చేతిలో ప్లేటు ఎక్కడ పెట్టాలో అతనికి తెలీలేదు. అసిరమ్మ మంచం మీద నెమ్మదిగా కాళ్ళు కిందకి దించి, మనవరాలి వేలి వైపూ ఆ పిల్ల వేలి వైపూ చూసింది.

"కల సరిగ్గానే వచ్చినాది. నాను దాన్ని తప్పు మనిసికి సెప్పినాను."

పచ్చ ప్లాస్టిక్ ఉంగరం ఇంకా గౌరి వేలికే ఉంది. దాన్ని ఒకసారి తిప్పి చూసుకుంది, తీసి పద్మకుమారి చేతిలో పెట్టింది. లేచింది. ఆమె మొహం చూసి భారతి చాప మీదే వెనక్కి జరిగింది.

హాల్లోంచి నరసింగరావు గొంతు దగ్గరవుతోంది. "అమ్మా భారతీ, పూలు అయినాయా లేదా? ముహూర్తానికి ఈ ఉంగరం కాకపోతే ఇంకో ఉంగరం, మా మాట మాటే. ఒరే వినోదూ, రా, నువ్వే పిలువు అమ్మాయిని..."

గౌరి గబగబా నడిచి గది తలుపు మూసింది. గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎస్సై గారూ, ఈ గదికి వంటింటి వైపు ఇంకో గుమ్మం ఉంది. అటు నుంచి వెళ్ళి ముందు ఆ సుహాసిని గారిని జీపు దించండి. అందరూ చూస్తుండగా దించండి, ఎక్కించినప్పుడు అందరూ చూశారు కదా." ఆమె ఊపిరి తీసుకుంది. "మీరు దించారని ఆ కిటికీలోంచి నాకు కనిపించాక ఈ తలుపు నేనే తీస్తాను. మాట్లాడేది కూడా నేనే."

గిరిబాబు వదినగారి వైపు చూశాడు. పద్మకుమారి అతని చేతిలోంచి ఖాళీ ప్లేటు అందుకుని, బేగి వెళ్ళమన్నట్టు తల ఊపింది.

బయట నరసింగరావు మొదటిసారి తలుపు తట్టాడు.